రెగ్యులేటరు పెట్టెలో టిక్కు

మామగారికి ఇద్దరు కూతుళ్ళు, రెండు కార్లు. కూతుళ్ళిద్దరికీ పోలికే లేదు గానీ, కార్లు మాత్రం అచ్చు గుద్దినట్టు ఉంటాయి. ఒకే కంపెనీ, ఒకే ఏడాది, ఒకే మీగడ రంగు. అద్దెకార్ల వ్యాపారం నడిపినన్నాళ్ళూ ఆయన ఆ రెండింటినీ పెళ్ళిళ్ళకు తప్ప ఇంకెక్కడికీ పంపేవారు కాదు. వ్యాపారం మానుకున్న రోజున అల్లుళ్ళిద్దరినీ పిలిచి, పెద్ద కారు తాళాలు పెద్దల్లుడికీ, చిన్న కారు తాళాలు చిన్నల్లుడికీ ఇచ్చారు. రెండూ ఒక్కలాంటివే అయినప్పుడు వాటిలో చిన్నదేదో ఎలా తెలిసిందని చిన్నల్లుడు ఆ రోజే అడుగుదామనుకున్నాడు. అడగలేదు. ఆయన పెద్దల్లుణ్ణి "అల్లుడుగారూ" అంటారు, ఇతన్ని "ఏమోయ్" అంటారు. ఏమోయ్ అనిపించుకునేవాడు అలాంటి ప్రశ్నలు అడగడు.

చిన్నల్లుడిది కళ్ళజోళ్ళ దుకాణం. పొద్దున్నే దేవుడికి దీపం పెట్టి దణ్ణం పెట్టుకోనిదే గడప దాటడు. దుకాణంలోనూ అదే బుద్ధి. చూపు బాగున్నవాళ్ళొస్తే, "మీకు జోడు అక్కర్లేదండీ" అని పంపించేస్తాడు. అలా పంపినవాళ్ళు అవతలి వీధిలో జోడు కొనుక్కుని, దానితో ఇతని దుకాణం బోర్డు చదువుకుంటూ వెళ్తుంటారు. అయినా అతను మారలేదు. పెద్దల్లుడు సిమెంటు డీలరు. గొంతు పెద్దది. ఏ మాటకామాటే చెప్పుకోవాలి, మనసు చెడ్డది కాదు. కాకపోతే ఆ మనసు దాకా వెళ్ళాలంటే ముందు ఆ గొంతును దాటుకుని వెళ్ళాలి.

ఊళ్ళో పాతకార్ల సంరక్షక సంఘం ఒకటుంది. ఏడాదికోసారి మైదానంలో కార్లన్నీ వరసగా నిలబెట్టి పరీక్ష పెడతారు. ఏ బండి తయారైననాటి సామానుతో చెక్కుచెదరకుండా ఉందో ఆ బండికి మొదటి స్థానం. ఆ తరవాత ఊరేగింపు. మొదటి స్థానం వచ్చిన బండి ముందు నడుస్తుంది. అందులో ముందు సీటులో, సంఘానికి పెద్దదిక్కు కాబట్టి, మామగారు కూర్చుంటారు. ఏటా ఆయన కూర్చునేది పెద్దల్లుడి బండిలోనే.

పోయినేడు మాత్రం ఏ గాలి ఎటు వీచిందో, మొదటి స్థానం చిన్నల్లుడికి వచ్చింది. మామగారు చేతికర్ర ఊతంగా వచ్చి, ఒక కాలు ఫుట్‌బోర్డు మీద పెట్టారు. చిన్నల్లుడు స్టార్టరు నొక్కాడు. బండి ఒకసారి మూలిగి ఊరుకుంది. మళ్ళీ నొక్కాడు. ఈసారి మూలగను కూడా మూలగలేదు. బ్యాటరీ పూర్తిగా చచ్చిపోయింది. మామగారు పెట్టిన కాలు వెనక్కి తీసుకుని, ఒక్క మాట కూడా అనకుండా, వెళ్ళి పెద్దల్లుడి బండిలో కూర్చున్నారు. ఏదైనా అని ఉంటే బాగుండేది. ఆ వెనక్కి తీసుకున్న కాలు ఏడాదంతా చిన్నల్లుడి గుండెల మీదే ఉంది.

ఈ ఏడు ఆయన ముందుగానే చెప్పేశారు, ఇదే ఆఖరి ఊరేగింపని. "ఇక ఎక్కడం దిగడం నావల్ల కాదు. డాక్టరు గుండెకాయ పక్కన ఏదో యంత్రం పెట్టాడు గానీ, మోకాళ్ళలో ఏమీ పెట్టలేదు."

అంటే చిన్నల్లుడికి మిగిలింది ఈ ఒక్కసారే.

తప్పంతా రెగ్యులేటరుదని అతనికి తెలుసు. పాత కార్లలో కరెంటు పుట్టించేది డైనమో. ఇంజను పరుగెడితే ఎక్కువ కరెంటు, నీరసిస్తే తక్కువ కరెంటు ఇస్తుంది. దానికి ఒక పద్ధతీ పాడూ నేర్పి, బ్యాటరీకి ఎంత కావాలో అంతే పంపించేది రెగ్యులేటరు. ఇంజను పక్కన, అగ్గిపెట్టెల కట్టంత నల్లటి పెట్టె. లోపల తీగచుట్టలు, వాటి ముందు కొట్టుకునే చిన్న చిన్న లోహపు బిళ్ళలు. ఇంజను వేగం అందుకోగానే ఒక బిళ్ళ టక్కున అతుక్కుంటుంది, నెమ్మదించగానే విడిపోతుంది. వయసు మీదపడ్డాక ఆ బిళ్ళలు మాడిపోతాయి. అతుక్కోవలసినప్పుడు అతుక్కోవు, విడిపోవలసినప్పుడు విడిపోవు. అప్పుడు బ్యాటరీ అయితే ఎండిపోతుంది, లేకపోతే ఉడికిపోతుంది.

"ఆ పెట్టె మార్పించండి, పీడా పోతుంది" అంది భార్య. ఆమె మామగారి రెండో కూతురు. కార్ల మధ్య పుట్టి పెరిగిన మనిషి, అందుకే కార్లంటే బొత్తిగా గౌరవం లేదు.

"మార్పిస్తే ప్రమాణం ఎలా చేస్తానే?"

పరీక్షకు ముందు సంఘంలో ప్రమాణం చెయ్యడం ఒక ఆచారం. యజమానులందరూ బానెట్ మీద కుడిచెయ్యి పెట్టి, "ఈ బండిలో ఈ బండికంటే వయసులో చిన్నది ఏదీ లేదు" అనాలి.

"నేను ఆ బండికంటే చిన్నదాన్నే. నన్ను దింపేస్తారా మరి?"

"నువ్వు సామాను కాదుగా."

"ఆ మాట కాస్త గట్టిగా అనండి, మా బావగారికి కూడా వినిపిస్తుంది" అంది ఆమె, బియ్యం కడుగుతూ.

మర్నాడు చిన్నల్లుడు బండి తీసుకుని ఫ్యూజు దగ్గరికి వెళ్ళాడు. ఫ్యూజు ఊళ్ళో పాత బండ్ల కరెంటు పని చేసే మనిషి. అసలు పేరు అతనికైనా గుర్తుందో లేదో. షెడ్డు నిండా వేలాడే వైర్లు, గోడకి పాత హెడ్‌లైట్లు, బల్ల కింద మూతపెట్టిన అట్టపెట్టె. రెగ్యులేటరు మూత ఊడదీసి, లోపలికి టార్చి వేసి, పళ్ళ డాక్టరులా నాలుక చప్పరించాడు.

"అయిపోయిందండీ."

"కొత్త బిళ్ళలు వేస్తే?"

"కొత్తవి దొరికితే కదా. ఇప్పుడు బజార్లో వచ్చేవాటికంటే మీ మాడిపోయినవే నయం. నా మాట వినండి. లోపలి సామానంతా తీసేసి, నా దగ్గర చిన్న ఎలక్ట్రానిక్ బోర్డుంది, అది పెడతాను. అరచేతిలో సగం ఉంటుంది. కొట్టుకునేది లేదు, మాడేది లేదు. పెట్టె మీదే, మూత మీదే. పైకి ఏమీ తెలీదు."

"సీలు?"

మూతకు పక్కనున్న చిల్లులో సన్నటి తీగ దూర్చి, దాని మీద సీసపు బిళ్ళ నొక్కి ఉంటుంది, కరెంటు మీటరుకు ఉన్నట్టు. సంఘం అధ్యక్షుడు రిజిస్ట్రారుగా చేసి రిటైరయినవాడు. ఉద్యోగమంతా సీళ్ళు చూసి సంతకాలు పెట్టాడే గానీ, కవరు లోపల ఏముందో చూసే దురలవాటు ఆయనకు ఎప్పుడూ లేదు. సంఘానికి నియమావళి రాసింది ఆయనే. అందులో పెద్ద నియమం ఇది: రెగ్యులేటరు సీలు తెగిన బండి అసలుది కాదు. కాబట్టి సీలున్న బండిని లోపల అసలుదో కాదో చూడటానికి వీల్లేదు, ఎందుకంటే చూస్తే అసలుది కాకుండా పోతుంది.

"సీలు నొక్కే పట్కారు నా దగ్గరుంది" అన్నాడు ఫ్యూజు.

"చెవి పెట్టి వింటారయ్యా."

అదీ నిజమే. మూత తీయకూడదు కాబట్టి సంఘంవాళ్ళు విని తీర్పు చెబుతారు. ఈ విద్య మామగారిదే. ఇంజను పనిచేస్తుంటే చేతికర్ర ఒక కొస పెట్టె మీద ఆనించి, రెండో కొస చెవికి ఆనించుకుంటే, లోపలి బిళ్ళ కొట్టుకోవడం చెవిలో చెప్పినట్టు వినిపిస్తుంది. గుండెకి యంత్రం పెట్టాక నడిచే ఇంజను మీదికి వంగొద్దని డాక్టరన్నాడు. అందుకని ఆయన పొడుగాటి కర్ర కొనుక్కున్నారు. అది చూసి కమిటీలో అందరూ, మోకాళ్ళు దివ్యంగా ఉన్నవాళ్ళు కూడా, పొడుగాటి కర్రలు కొనుక్కున్నారు.

ఫ్యూజు నవ్వాడు. "అది నాకు వదిలెయ్యండి. బోర్డుకి పక్కన చిన్న టిక్కు పెడతాను. ఇంజను వేగం అందుకోగానే ఒక టిక్కు, నెమ్మదించగానే ఒక టిక్కు. దాంతో పనేమీ జరగదు. వినేవాళ్ళ తృప్తికోసం."

"పని లేని టిక్కా?"

"మీ దుకాణంలో పవరు లేని జోళ్ళు అమ్మరా?"

"అమ్మను" అన్నాడు చిన్నల్లుడు, నిజంగానే.

"అందుకే మీ దుకాణం అలా ఉంది. సరే, ఒక్క మాట. ఇది మీకొక్కరికే చేస్తున్నాను. ఎక్కడా అనకండి." అంటూ బల్ల కింద అట్టపెట్టె లాగి, అందులోంచి ఒక బోర్డు తీశాడు. పెట్టె నిండా అలాంటివే ఉన్నాయి. ఒక్కరికోసం ఇన్ని ఎందుకు తెప్పించావని ఇంకెవరైనా అయితే అడిగేవారు. చిన్నల్లుడు అప్పుడు ప్రమాణం సంగతే ఆలోచిస్తున్నాడు.

బండి మాత్రం మారిపోయింది. దీపాలు ఇంజను మూలిగినప్పుడల్లా రెపరెపలాడటం మానేసి నిలకడగా వెలిగాయి. స్టార్టరు ముట్టుకోగానే ఇంజను లేచి కూర్చుంటోంది. వారం తిరక్కుండానే భార్య తనంతట తాను ఎక్కి కూరలకి పోనిమ్మంది. చిన్నల్లుడికే సుఖం లేదు. దేవుడి ముందు కూర్చుంటే కళ్ళు మూసుకోగానే నల్లటి పెట్టె కనబడుతోంది. సంఘానికి సీలు చాలు, నిజమే. కానీ దేవుడికి మూత అడ్డమా? పోనీ, ఆయనకి డైనమోల గురించి పట్టింపు ఉంటుందా? బండి బాగుపడింది, ఎవరి సొమ్మూ పోలేదు, పాపమెక్కడుంది? ఎంత వెతికినా బోర్డులో పాపం కనబడలేదు. చివరికి తేలిందేమిటంటే, మనసుకి ముల్లులా గుచ్చుకుంటున్నది ఆ టిక్కు ఒక్కటే. అది తీయించేస్తే పరీక్షలో దొరికిపోతాడు. ఉంచుకుంటే పూజలో దొరికిపోతున్నాడు.

ఆ రోజు వచ్చింది. మైదానంలో కార్లన్నీ బానెట్లు ఎత్తి వరసగా నిలబడ్డాయి, పళ్ళు చూపించమంటే నోళ్ళు తెరిచిన పిల్లల్లా. పెద్దల్లుడి బండి ఇతని బండి పక్కనే. వదినగారు గొడుగు వేసుకుని వెనక సీట్లో కూర్చుంది.

"ఏం తమ్ముడూ, ఈసారైనా బండి లేస్తుందా, తాడు తెచ్చుకున్నావా?" అన్నాడు పెద్దల్లుడు, నాలుగు బండ్ల అవతలికి వినబడేట్టు.

"తాడు ఎప్పుడూ డిక్కీలోనే ఉంటుందన్నయ్యా."

"నా బండి చూడు. మామగారి చెయ్యి పడ్డాక మళ్ళీ దానిమీద స్క్రూడ్రైవరు పెట్టినవాడు లేడు. ఏది ఎలా ఇచ్చారో అలాగే ఉంది."

అది నిజమేనని చిన్నల్లుడికి తెలుసు. అదే అతని బాధ.

ప్రమాణానికి బానెట్లు దించమన్నారు. అధ్యక్షుడు మైకులో మాటలు చెబుతుంటే అందరూ అన్నారు. చిన్నల్లుడు కుడిచెయ్యి బానెట్ మీద పెట్టాడు. పెట్టాడంటే, పూర్తిగా పెట్టలేదు. వెంట్రుకవాసి పైన ఆపాడు. ముట్టుకోకపోతే ప్రమాణం కిందికి రాదేమోనని ఆశ. ఎవరైనా చూస్తున్నారేమోనని పక్కకి చూశాడు. అటు పక్కనున్న బేకరీ ఆయన చెయ్యి కూడా బానెట్‌కి ఆనలేదు. ఆయనకి అవతల మందుల షాపాయన చెయ్యీ గాల్లోనే ఉంది. ఎండకి రేకు కాలుతోంది కాబోలు అనుకున్నాడు. పెద్దల్లుడొక్కడే బానెట్ మీద చరిచి మరీ ప్రమాణం చేశాడు.

మళ్ళీ బానెట్లు లేచాయి. అధ్యక్షుడు, ఇద్దరు కమిటీ సభ్యులు కర్రలు పట్టుకుని బయల్దేరారు. మొదట బేకరీ ఆయన బండి. ఇంజను లేచింది, వేగం అందుకుంది.

టిక్.

నెమ్మదించింది. టిక్.

"భేష్" అన్నాడు అధ్యక్షుడు, చెవి దగ్గరనుంచి కర్ర తీస్తూ.

తరవాత మందుల షాపాయనది. టిక్. టిక్. ఆ తరవాత స్కూలు కరస్పాండెంటుగారిది. టిక్. టిక్. చిన్నల్లుడు కర్ర లేకుండానే విన్నాడు. ఆ చప్పుడు అతనికి తెలుసు. ఇన్నాళ్ళూ పూజలో వినబడింది అదే. బాల్‌పెన్ను నొక్కినట్టు పొడిగా, ఏ బండిలో విన్నా ఒకే గొంతుతో పలుకుతోంది. అతను బేకరీ ఆయన కేసి చూశాడు. ఆయన ఆకాశంలోకి చూశాడు. మందుల షాపాయన వంగి, ఊడని బూటు లేసు కట్టుకున్నాడు.

అధ్యక్షుడు ముచ్చటపడిపోయాడు. "ఆ రోజుల్లో పనితనం అంటే ఇదండీ. వేర్వేరు కంపెనీలు, వేర్వేరు దేశాలు, అయినా ఒకే టిక్కు. తల్లి ఒక్కతే అన్నట్టు."

తల్లి ఫ్యూజు అని చిన్నల్లుడికి అర్థమైంది. ఇతని బండి కూడా టిక్ అంది, మళ్ళీ టిక్ అంది. కమిటీ తలలూపింది.

ఆఖరున పెద్దల్లుడి బండి. ఇంజను లేచింది. వేగం అందుకుంది. ఏమీ లేదు. ఇంకాస్త వేగం పెంచాడు. లోపల ఏదో గొంతు సవరించుకున్నట్టు గరగరమంది, కాసేపాగి "టక్" అంది, మళ్ళీ ఏం తోచిందో ఇంకో రెండుసార్లు "టక్ టక్" అంది. ఇంజను నెమ్మదించినా చాలాసేపు ఊరుకుంది. అందరూ ఆశ వదులుకున్నాక అప్పుడు విడిపోయింది.

అధ్యక్షుడు కర్ర మార్చి రెండో చెవితో విన్నాడు. మొహం పుల్లగా పెట్టాడు. ముగ్గురూ దూరంగా వెళ్ళి తలలు దగ్గర పెట్టుకుని వచ్చారు.

"డీలరుగారూ, మన్నించాలి. మిగతా బండ్లన్నీ ఒకలా పలుకుతుంటే మీది ఒక్కటే వేరేలా పలుకుతోంది. లోపల ఏదో మార్చినట్టుంది."

"ఎవరు మార్చారు? నేనా?" పెద్దల్లుడి గొంతు మొదటిసారి చిన్నదయింది. "మూత తీసి చూడండి."

"మూత ఎలా తీస్తామండీ? సీలు తెగితే అసలుది కాకుండా పోతుంది."

"మీరిప్పుడు అసలుది కాదనే కదా అంటున్నారు?"

"కాదని అనలేదు. అనుమానం ఉందంటున్నాం. సీలు తెగితే అనుమానం కూడా ఉండదు." ఆయన కాగితం తీసి మైకు దగ్గరికి నడిచాడు. "మొదటి స్థానం, కళ్ళజోళ్ళ దుకాణం వారి బండి."

చప్పట్లు పడ్డాయి. మామగారు షామియానా కింద కుర్చీలోంచి లేచి, కర్ర ఊతంగా బండ్ల వరస వెంట నడిచి వస్తున్నారు. దారిలో ఇంకా నడుస్తున్న ఇంజన్ల దగ్గర ఆగి, దూరంగానే నిలబడి కర్ర ఆనించి వింటున్నారు.

చిన్నల్లుడు ఏడాదిగా ఎదురుచూసిన ఘడియ అది. పెద్దల్లుడి మొహం ఈ క్షణంలో ఎలా ఉంటుందో ఎన్నోసార్లు ఊహించుకున్నాడు. ఇప్పుడు చూశాడు. ఆయన జేబురుమాలు తీసి, తళతళలాడే మడ్‌గార్డును ఇంకా తుడుస్తున్నాడు, ఒకే చోట, తలెత్తకుండా. వదినగారు గొడుగు ముడిచేసింది. ఊహించుకున్న మొహం ఇది కాదు.

"ఏవండీ" అంది భార్య మెల్లిగా. "ఇందాక ప్రమాణం చేసినప్పుడు చెయ్యి ఆనిందా?"

అతను చెయ్యి వెనక్కి పెట్టుకున్నాడు. చెవులు ఎర్రబడ్డాయి. మామగారు రెండు బండ్ల దూరంలోకి వచ్చేశారు. అతను గబగబా అధ్యక్షుడి దగ్గరికి నడిచాడు.

"అయ్యా, నాకు మొదటి స్థానం వద్దు. మా పెట్టెలో ఉన్నది కొత్త బోర్డు. ఆ టిక్కు పెట్టించిన టిక్కు. అన్నయ్యదే అసలుది."

అధ్యక్షుడు మైకు మీద అరచెయ్యి వేసి మూశాడు. భుజం మీద చెయ్యి వేసి పక్కకి తీసుకెళ్ళాడు. "మీ నిజాయితీ చాలా గొప్పది. వచ్చే సర్వసభ్య సమావేశంలో తప్పకుండా అభినందిస్తాం. ఇప్పుడు బండెక్కండి."

"నేను చెప్పేది వినబడిందాండీ?"

"వినబడింది. కానీ సీలు ఉంది కదా. సీలున్నంతవరకు మీ బండి అసలుదే. మీరు కాదన్నా అసలుదే."

చిన్నల్లుడు తన బండి దగ్గరికి తిరిగొచ్చాడు. చొక్కా జేబులో కళ్ళజోళ్ళ చిన్న స్క్రూడ్రైవరు ఎప్పుడూ ఉంటుంది. దాని మొన తీగ కింద దూర్చి మెలితిప్పాడు. సీసపు బిళ్ళ తెగి కిందపడింది. మూత తీసి పైకెత్తి పట్టుకున్నాడు. లోపల ఆకుపచ్చటి బోర్డు, పక్కన గచ్చకాయంత టిక్కు.

"అందరివీ ఇలాగే తీసి చూద్దాం. ఎవరిది అసలుదో తేలిపోతుంది" అన్నాడు.

మొదట బేకరీ ఆయన బానెట్ దబ్బున పడింది. ఆ వెంటనే మందుల షాపాయనది. ఆ తరవాత వరసంతా, ఈ చివరినుంచి ఆ చివరికి, దబ్, దబ్, దబ్ అని మూసుకుపోయాయి. వర్షమొస్తే కిటికీలు మూసినట్టు. అధ్యక్షుడు మాట్లాడుతూ మాట్లాడుతూనే వెనక్కి నడిచి, తన బండి బానెట్ తనే దించి, దానిమీద కూర్చున్నాడు. అక్కడికి అందరి చేతులూ బానెట్లకి గట్టిగా ఆనాయి. తెరిచి ఉన్నవి అల్లుళ్ళవి రెండే.

అక్కడ కూర్చునే తీర్పు చెప్పాడు ఆయన. "సీలు తెగింది కాబట్టి కళ్ళజోళ్ళ వారి బండి అసలుది కాదు. లోపల ఏముందో సంఘం చూడలేదు, చూడబోదు. డీలరుగారి బండి సంగతి అనుమానంలో ఉంది. పెద్దాయన సాక్ష్యం చెబితే అనుమానం తీరుతుంది. ఆయన బండే కదా."

అందరూ మామగారి వైపు తిరిగారు. ఆయన అప్పటికే కర్ర పెద్దల్లుడి పెట్టె మీద ఆనించి వింటున్నారు.

"చెప్పండి మామగారూ" అన్నాడు పెద్దల్లుడు, ప్రాణం లేచొచ్చినట్టు. "మీ చేత్తో బిగించింది కాదూ?"

"నేనే బిగించాను. కాదన్నానా?" అన్నారాయన. "కానీ ఇది ట్రాక్టరుది."

అధ్యక్షుడు బానెట్ మీదనుంచి సగం లేచాడు.

"పెళ్ళికూతుర్ని ఎక్కించుకుని వెళ్తుంటే దారిలో అసలు పెట్టె కాలిపోయింది. ముహూర్తం దాటిపోతోంది. పక్క పొలంలో ట్రాక్టరుంటే, ఆ రైతు కాళ్ళావేళ్ళా పడి దానిది ఊడదీసి పెట్టాను. ట్రాక్టరు పెట్టె ఎప్పటికీ ఇలాగే గొణుగుతుంది. తరవాత మంచి మూత చూసి వేసి, సీలు కూడా నేనే నొక్కాను. పెళ్ళికారు కదా, చూసేవాళ్ళకి బాగుండాలి."

పెద్దల్లుడు వంగి పెట్టె కేసి చూశాడు. "ఇన్నేళ్ళలో ఒక్కసారైనా చెప్పలేదేంటి మామగారూ?" అన్నాడు.

"ఎప్పుడూ మీరే చెబుతుండేవారు అల్లుడుగారూ. నాకు సందు దొరకలేదు."

వెనక సీట్లో వదినగారు మొహానికి గొడుగు అడ్డం పెట్టుకుంది. ఆమె ఏడుస్తోందో నవ్వుతోందో మొదట తెలియలేదు. గొడుగు ఊగడం చూశాక తెలిసింది.

ఊరేగింపు ఆగలేదు. సంఘం ఊరేగింపు ఏ కారణం చేతా ఆగదు, అది కూడా నియమావళిలో ఉంది. అధ్యక్షుడి బండిని ముందు నిలబెట్టారు. ముందు సీటులో పెద్దదిక్కు కోసం వేసిన దిండు ఖాళీగానే ఉంది. రిబ్బన్లు కట్టుకున్న బండ్లు ఒకదాని వెనక ఒకటి మైదానం గేటు దాటాయి. మలుపు దగ్గర అన్నీ ఒకేసారి నెమ్మదించాయి. అన్నీ ఒకేసారి టిక్ అన్నాయి.

మైదానంలో రెండు మీగడ రంగు కార్లు మిగిలాయి.

"ఇంటికి పోదాం. ఆకలేస్తోంది" అన్నారు మామగారు.

పెద్దల్లుడు వెళ్ళి స్టార్టరు నొక్కాడు. పరీక్షలో విడిపోనన్న బిళ్ళ ఈసారి అస్సలు విడిపోనట్టుంది. బ్యాటరీలో ఉన్నదంతా డైనమోలోకి పారిపోయింది. బండి మూలిగి ఊరుకుంది. ఆయన స్టీరింగు మీద చేతులు పెట్టుకుని అలాగే కూర్చున్నాడు.

చిన్నల్లుడికి నవ్వు రాలేదు. నిరుడు తనూ అలాగే కూర్చున్నాడు. డిక్కీలోంచి తాడు తీసి, ఒక కొస తన బండికి వెనకా, ఇంకో కొస పెద్దల్లుడి బండికి ముందూ కట్టాడు. "బ్రేకు మీద కాలుంచు అన్నయ్యా. తాడు వదులు కానివ్వకు" అన్నాడు. "అలాగేలే తమ్ముడూ" అన్నాడు పెద్దల్లుడు, పక్కవాళ్ళకి మాత్రమే వినబడేట్టు.

అక్కాచెల్లెళ్ళు చిన్నల్లుడి బండి వెనక సీట్లో సర్దుకున్నారు. మామగారు వచ్చి, ఒక కాలు ఫుట్‌బోర్డు మీద పెట్టి, ఆగారు.

చిన్నల్లుడు స్టార్టరు మీద వేలు పెట్టాడు. కొత్త బోర్డు సంగతి అతనికి తెలుసు, రోజూ నడుపుతున్నాడు. అయినా ఆ కాలు మీంచి చూపు తిప్పుకోలేకపోయాడు. మనసులో దేవుడికి దణ్ణం పెట్టుకున్నాడు. ఇన్నాళ్ళకి అడ్డమేమీ లేకుండా పెట్టుకున్న దణ్ణం అది. నొక్కాడు.

ఇంజను లేచింది. రెండో కాలు కూడా లోపలికి వచ్చింది. మామగారు సీట్లో కుదురుకుని, కర్ర కాళ్ళ మధ్య నిలబెట్టుకున్నారు. ఇంజను వేగం అందుకుంది. మూతలేని పెట్టెలోంచి టిక్ మంది.

"ఏమోయ్."

"చెప్పండి మామగారూ."

"ఆ టిక్కు తీయించెయ్."

"బోర్డు కూడా తీయించెయ్యమంటారా?"

"బోర్డు ఎందుకు? బాగానే పనిచేస్తోందిగా. నా గుండెకీ ఒకటి పెట్టారు, దానికి ఏ డాక్టరూ టిక్కు పెట్టలేదు. ఎవరికి వినిపించాలని?" ఆయన కళ్ళు మూసుకుని వెనక్కి వాలారు. "నెమ్మదిగా పోనీ."

మళ్ళీ ఏమోయ్ అనే పిలిచారు. చిన్నల్లుడికి ఆ సంగతి గేటు దాటాక గానీ తట్టలేదు. తట్టినా పెద్దగా ఏమీ అనిపించలేదు. వెనకనించి పెద్దల్లుడు హారన్ కొట్టాడు. ఉన్న ఆ కాస్త కరెంటుతో అది కూడా గొంతు పోయినట్టే మోగింది. తాడు మరీ బిగుసుకుంటోందని చెప్పడానికి. అతను యాక్సిలేటరు మీద కాలు కాస్త తేలిక చేశాడు.